నీలం ఎవరింట్లో నిద్ర చేయాలి?

"ఆ పెట్టె గడప దాటి లోపలికొచ్చిందంటే నేను బయటికెళ్తా. ఈ ఇంట్లో అదో నేనో, ఎవరో ఒకళ్ళమే ఉంటాం."

కొండమ్మ గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ మధ్యకు దోపుకుని, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి మరీ కూర్చుంది. బందరు చేపల మార్కెట్లో ఆమెతో బేరమాడి నెగ్గినవాళ్ళు తక్కువ. ఇంట్లో నెగ్గినవాళ్ళు అసలే లేరు.

వాకిట్లో ఆమె కూతురు వీరదుర్గ నిలబడి ఉంది. భుజాన బ్యాగు, అరచేతిలో ఎర్ర వెల్వెట్ పెట్టె. గుడివాడ నుంచి వచ్చేటప్పుడు బస్సులో మాటిమాటికీ తెరిచి చూసుకుని మురిసిపోయిన పెట్టె అది. ఇప్పుడు దాన్ని ఎక్కడ దించాలో తెలియడం లేదు.

"ఉంగరమే అమ్మా అది. బాంబేం కాదు," అన్నాడు శ్రీహరి, చెల్లెలి వెనక చెప్పులు విప్పుతూ.

"నువ్వు మాట్టాడమాక! చెల్లెలి వెంట నిన్ను పంపిందెందుకురా? నిశ్చితార్థానికి ఉంగరం చూసుకుని రండ్రా అంటే శనీశ్వరుణ్ణి బస్సెక్కించుకుని తీసుకొస్తారా అన్నాచెల్లెళ్ళు?"

శ్రీహరికి నవ్వొచ్చింది. ఇలాంటప్పుడు నవ్వితే ఏమవుతుందో చిన్నప్పటి నుంచీ అనుభవమే గనక దగ్గేసి ఊరుకున్నాడు.

ఉంగరంలో ఉన్నది నీలం. గొడవంతా అదే. కెంపుకీ పచ్చకీ లేని పేరు నీలానికి ఉంది. అది శని రాయి. పడినవాళ్ళకి మేడలు కట్టిస్తుందని, పడనివాళ్ళ కొంప ముంచుతుందని అంటారు. అందుకని నీలాన్ని ఎవరూ కొన్నరోజే వేలికి పెట్టుకోరు. గుడ్డలో చుట్టి తలగడ కింద పెట్టుకుని మూడు రాత్రులు నిద్ర చేస్తారు. పీడకల రాకుండా, ఇంట్లో చెడు వార్త వినకుండా ఆ మూడు రాత్రులూ గడిస్తే ఉంచుకుంటారు. లేదంటే షాపుకి తిప్పి పంపుతారు. గుడివాడలో నగల షాపు శేషగిరిరావు కూడా నీలం చూపించేటప్పుడు ఆ మాట తనే ముందుగా చెబుతాడు.

ఆ మధ్యాహ్నం షాపులోనూ చెప్పాడు. "నీకేది నచ్చితే అదే, దుర్గా," అన్నాడు పెళ్ళికొడుకు మోహనకృష్ణ. ట్రేలు ట్రేలుగా ఉంగరాలు వచ్చాయి. కెంపు ఉంగరం ఒకటి మిగతావాళ్ళకి నచ్చింది. వీరదుర్గ చూపు ఒక్కచోటే ఆగిపోయింది. బందరు ఒడ్డున సముద్రం ఎప్పుడూ బురద రంగే. బాగా లోపలికి వెళ్ళాక నీళ్ళు నీలంగా మారతాయని నాన్న చెప్పగా వినడమే గానీ ఆమె చూసింది లేదు. ఆడపిల్లల్ని బోటెక్కించరు. ఆ రంగు వేలికి పెట్టుకోవచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆ రాయి చూడగానే మోహనకృష్ణ తల్లి హైమావతి మొహం పాలిపోయింది. అయినా షాపులో నలుగురి ముందు వద్దనలేకపోయింది. కాసేపాగి, "సరే, అమ్మాయి ముచ్చటపడింది. కానీ నీలం కదా, పరీక్ష చూడాలి. పెట్టుకునేది అమ్మాయి గనక వాళ్ళింట్లోనే నిద్ర చేయించాలి," అని పెట్టెను వీరదుర్గ చేతిలో పెట్టింది. అందులో తప్పేమీ కనపడలేదు వీరదుర్గకి. కాబోయే అత్తగారు ఒప్పుకుందన్న సంతోషంలో కళ్ళు సరిగ్గా కనపడతాయా ఎవరికైనా?

"ఏమే, చెప్తుంటే వినపడదా? ఏమంది మీ అత్త? మళ్ళీ చెప్పు," అంది కొండమ్మ.

"చెప్పాగా. మూడు రాత్రులు మనింట్లో పెట్టుకుని చూడమన్నారు."

"మనింట్లో ఎందుకంట?"

"పెట్టుకునేది నేను గనక."

"కొనేది వాళ్ళు. ఇచ్చేది వాళ్ళు. మంచో చెడో చూసుకుని ఇవ్వాల్సింది ఇచ్చేవాళ్ళా, పుచ్చుకునేవాళ్ళా? చెడు జరిగితే జరగనీ, జరిగేదేదో వాళ్ళింట్లో జరగనీ అని అట్టా తోసిందా లేదా మనమీదకి?"

వీరదుర్గ పెట్టెను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"రేపు సముద్రం పోటెక్కగానే నీ అన్న బోటు తీసుకుని ఏటిమొగ దాటి లోపలికి పోవాలి. వేట నిషేధం ఎత్తేశాక ఇదే మొదటి వేట. ఆ సంగతి ఆవిడకి తెలుసా తెలీదా?"

తెలుసు. షాపులో కూల్‌డ్రింక్ తాగుతూ శ్రీహరే చెప్పాడు. కొత్త వల గురించి, ఇంజను బాగుచేయించిన సంగతి గురించి గొప్పగా చెప్పాడు. హైమావతి ఊఁ కొడుతూ విన్నది కూడా. అది గుర్తురాగానే వీరదుర్గ అన్న వైపు చూసింది.

"తెలుసు," అన్నాడు శ్రీహరి. ఈసారి అతనికి నవ్వు రాలేదు.

కొండమ్మ మొగుడి వైపు తిరిగింది. నాంచారయ్య అరుగు మీద కూర్చుని తాడుకి ముడులు వేస్తున్నాడు. మోకాళ్ళు అరిగి బోటెక్కడం మానేశాక తాళ్ళూ వలలూ ఆయన పనే.

"ఏవయ్యా, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా? మాట్టాడవేం?"

నాంచారయ్య ముడి బిగించి లాగి చూసుకున్నాడు. ఇంకో ముడి వేశాడు. అది కూడా లాగి చూసుకున్నాడు.

"నాన్నా, నువ్వయినా చెప్పు. రాయికీ బోటుకీ సంబంధం ఏంటి?" అంది వీరదుర్గ.

"నాకు తెల్దమ్మాయ్. ఉందని చెప్పలేను. లేదని చెప్పమంటే అదీ చెప్పలేను. నీళ్ళమీద తిరిగేవాడు దేన్నీ నమ్మనని అనకూడదు."

"అంటే?"

"అంటే ఏంది? మీ అమ్మ గడపలో కూర్చునుంది. నేను అరుగు మీదున్నా. నాకూ అన్నం పెట్టేది ఆవిడే."

శ్రీహరి విసుక్కున్నాడు. "ఇదంతా కాదు గానీ, నేను రేపు పోటుకి బోటు దించుతున్నా. పెట్టె ఇంట్లో ఉన్నా, నెత్తి మీదున్నా."

"దించు చూద్దాం," అంది కొండమ్మ. గొంతు పెంచలేదు. "ఆ పెట్టె ఊళ్ళో ఉండగా నువ్వు బోటెక్కితే నేను ఒడ్డున నీళ్ళలో దిగి నిలబడతా. తాడు విప్పుకుంటావో, మీ అమ్మని తోసుకుని పోతావో నీ ఇష్టం."

ఆమె అన్నదంటే చేస్తుంది. నలుగురికీ ఆ సంగతి తెలుసు. పక్కింటి ట్రాన్సిస్టర్‌లో వాతావరణం వార్తలు వస్తున్నాయి. గాలి మామూలుగానే ఉంటుందట.

చివరికి ఆ పూటకి నీలానికి దొరికిన చోటు వాకిట్లో బోర్లించిన చేపల గంప కింద. దాని పక్కనే మడతమంచం వేసుకుని వీరదుర్గ పడుకుంది.

*

అలా పడుకోకముందే, అన్నం తినే ముందు, ఆమె మోహనకృష్ణకి ఫోన్ చేసింది. గుడివాడలో అతనికి చేపల మేత, రొయ్యల మందుల షాపు ఉంది. బంటుమిల్లిలో వీరదుర్గ పనిచేసే ల్యాబుకి రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు పరీక్షకి తెస్తారు. వాళ్ళ వెంట వచ్చే షాపతనిగా మొదలైన పరిచయం ఇక్కడిదాకా వచ్చింది. రెండు కులాలు, రెండు ఊళ్ళు, రెండిళ్ళలో ఏడుపులు దాటుకుని నిశ్చితార్థం దాకా వచ్చారు. ఇంత ఈదినవాళ్ళు ఒక రాయి దగ్గర మునుగుతామా అనిపించింది ఆమెకి.

"ఉంగరం ఎలా ఉంది? ఎన్నిసార్లు చూసుకున్నావ్?" అన్నాడతను హుషారుగా.

"గంప కింద ఉంది."

"ఎక్కడా?"

చెప్పింది. అంతా విన్నాడు.

"అయ్యబాబోయ్. మీ అమ్మగారు అలా అనుకున్నారా? మా అమ్మ అంత దూరం ఆలోచించే మనిషి కాదు, దుర్గా. ఏదో ఆనవాయితీ గనక అంది."

"మా అన్నయ్య వేటకెళ్తున్నాడని ఆవిడకి తెలుసు మోహన్."

"తెలిస్తే? రోజూ ల్యాబులో పరీక్షలు చేసేదానివి, నువ్వు కూడా ఈ నీలం పరీక్షలు నమ్ముతావా? నేనైతే ఒక్క ముక్క నమ్మను."

"నేనూ నమ్మను. మా అమ్మ నమ్ముతుంది. మీ అమ్మ నమ్ముతారు. అందుకే అడుగుతున్నా. ఆ మూడు రాత్రులేవో మీ ఇంట్లో పెట్టుకోండి. మీ ఇంట్లో సముద్రానికి వెళ్ళేవాళ్ళు లేరు."

అవతల టీవీ సీరియల్ ఏడుపు వినపడింది. 

"మోహన్?"

"ఆఁ... అమ్మని అడగాలి కదా. ఇప్పుడే అడిగితే ఏదో ఒకటి అంటుంది. చూద్దాంలే."

"రేపు పోటు లోపల చూడాలి."

"అబ్బా, దుర్గా. ఆ కెంపు తీసుకుని ఉంటే ఈ గొడవంతా ఉండేదా చెప్పు?"

ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. నీకేది నచ్చితే అదే అన్న మనిషే ఈ మనిషి. తెల్లారేలోపే మాట మారింది.

"పొద్దున్నే వస్తున్నా మీ ఇంటికి. ఉంగరం తీసుకుని," అని పెట్టేసింది.

*

పెట్టె బ్యాగులో పెట్టుకుని ఆమె ఆటో ఎక్కేదాకా కొండమ్మ వీధి మొగలో నిలబడింది. ఒక్క మాట మాత్రం అంది.

"ఇచ్చేసి రా. అరిచి రాకు. సంబంధం చెడగొట్టమని నేను అనటంలా."

బస్సు పెడన దాటేదాకా ఆ మాటే తిరిగింది వీరదుర్గ మనసులో. అమ్మకి ఈ సంబంధం ఇష్టం లేదని ఏడాదిగా అనుకుంటోంది. ఇష్టం లేనిదానికి ఇంత జాగ్రత్త ఎందుకు? కళ్ళు చెమర్చాయి. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

గుడివాడలో హైమావతి ఇల్లు మేడమీద వాటా. మెట్లెక్కగానే చిన్న వరండా. మోహనకృష్ణ పేపరు చదువుతున్నాడు. అతని మొహం చూడగానే తల్లికి ఏమీ చెప్పలేదని తెలిసిపోయింది.

"ఎవర్రా? నువ్వా అమ్మా! రా రా, ఇంత పొద్దున్నే వచ్చావేం? కాఫీ..." అంటూ వంటింట్లోంచి వచ్చిన హైమావతి, వీరదుర్గ బ్యాగులోంచి తీస్తున్న ఎర్ర పెట్టెను చూసి ఉన్నచోటే ఆగిపోయింది.

"దాన్ని లోపలికి తేకమ్మా."

వీరదుర్గకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిన్న ఒక గడప. ఇవాళ ఇంకో గడప. నిలబడ్డవాళ్ళు వేరు గానీ భయం మాత్రం ఒక్కటే.

"తేనులెండి అత్తయ్యగారూ," అని పెట్టెను వరండాలో స్టూలు మీద పెట్టింది. "ఒక్క మాట అడిగి వెళ్తాను. ఈ మూడు రాత్రులూ దీన్ని మీ ఇంట్లో ఉంచుకుంటారా?"

"పెట్టుకునేదానివి నువ్వు కదమ్మా."

"మా అన్నయ్య ఇవాళ సముద్రంలోకి వెళ్తున్నాడండీ. మీకు తెలుసు."

హైమావతి కొంగుతో చేతులు తుడుచుకుంది. అవి అప్పటికే పొడిగా ఉన్నాయి.

"తెలుసు," అంది నెమ్మదిగా. "తెలిసే పంపాను."

మోహనకృష్ణ పేపరు మడిచాడు. "అమ్మా!"

"ఉండరా. అడిగింది గనక చెప్పనీ. మీ ఇంట్లో ఆ రాయిని ఒక్క పూట కూడా ఉండనివ్వరని నాకు తెలుసమ్మా. మీ అమ్మగారు వెంటనే తిప్పి పంపుతారనుకున్నాను. వద్దన్నది మీ వాళ్ళే అవుతారు, నేను చెడ్డదాన్ని కాకుండా పోతాను అనుకున్నాను. అంతేగానీ మీ అన్నకి చెడు కోరలేదు. ఆ దేవుడికే తెలుసు."

"నేరుగా వద్దని చెప్పొచ్చు కదండీ. నేను వినేదాన్ని కానా?"

"చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. అది చెప్పడం నా వల్ల కాదు."

కుర్చీ లాక్కుని కూర్చుంది హైమావతి. పెట్టెకి దూరంగా, గోడ వారగా కూర్చుంది.

"మాది కోడూరు పక్క. డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు నేను రెండో తరగతి. ఆ దీపావళికి మా నాన్న వేలికి నీలం పెట్టుకున్నాడు. ఎవరో చెప్పారు, అప్పులు తీరతాయని. పరీక్షా లేదు, ఏమీ లేదు. సంబరంగా పెట్టేసుకున్నాడు. మళ్ళీ వారానికి..." ఆగింది. "మా అమ్మ, తమ్ముడు దొరకనే లేదు. నాన్నని ఆ ఉంగరం చూసి గుర్తుపట్టారు. నన్ను ఎత్తుకున్న వాళ్ళందరూ అదే మాట అన్నారు, ఆ రాయే తినేసిందని. నేను అది వింటూ పెరిగాను."

మోహనకృష్ణ తల్లిని కొత్తగా చూస్తున్నాడు. అతనికి ఈ కథ తెలియదు. తాత ఉప్పెనలో పోయాడని తెలుసు, అంతే.

వీరదుర్గకి కోపం జారిపోతున్నట్టనిపించింది. నిన్నటి నుంచి ఎంత జాగ్రత్తగా పోగుచేసుకుని తెచ్చిందో ఆ కోపాన్ని.

"మా తాత కూడా ఆ ఉప్పెనకే పోయాడండీ," అంది. "వేటకెళ్ళి మళ్ళీ రాలేదు. ఆయన వేలికి ఇత్తడి ఉంగరం కూడా లేదు."

హైమావతి తలెత్తింది. 

"నిజమే," అంది. "నిజమేనమ్మా. బుద్ధికి తెలుసు. భయానికి తెలియదు."

ఆ వచ్చిన మెత్తదనాన్ని మోహనకృష్ణ వెంటనే అందిపుచ్చుకున్నాడు. "అయితే ఇంకేం? ఎవరింట్లోనూ వద్దు. ఇటివ్వు దుర్గా, ఇప్పుడే వెళ్ళి శేషగిరిరావు గారికి ఇచ్చేసి వస్తా. ఆ కెంపు తీసుకుందాం. అందరికీ మనశ్శాంతి."

మాట్లాడిన ప్రతి మాటా సబబుగానే ఉంది. అందుకే వీరదుర్గకి ఒళ్ళు మండింది.

"ఉంగరం మార్చడానికి నాకేం అభ్యంతరం లేదు మోహన్. అడిగే తీరు వేరే ఉంటే నిన్ననే మార్చేదాన్ని. కానీ నేను అడిగింది అది కాదు. మా ఇంట్లో పెట్టడానికి మీకు భయం వెయ్యలేదు. మీ ఇంట్లో పెట్టుకోవడానికి భయం. అదీ నేను అడిగింది."

"అమ్మ చెప్పిందిగా ఎందుకో!"

"ఆవిడ చెప్పారు. నువ్వు చెప్పు. రేపు పెళ్ళయ్యాక మా అన్నయ్య సముద్రం మీద ఉండగా గాలి లేచిందనుకో. నేనిక్కడ కూర్చుని ఏడుస్తుంటే, ఈ ఇంట్లో నాతోపాటు మేలుకునేవాళ్ళు ఉంటారా? లేక అది మీ వాళ్ళ గొడవ అంటారా?"

"ఉంగరం గురించి మాట్లాడుతుంటే ఎక్కడికో వెళ్తున్నావ్ నువ్వు."

"ఎక్కడికీ వెళ్ళలేదు. ఇక్కడే ఉన్నా."

అతను స్టూలు మీది పెట్టె తీసుకోబోయాడు. ఆమె ముందుగా అందుకుంది. మూత తెరిచింది. నిన్న షాపులో వేలికి పెట్టి చూసుకోబోతే హైమావతి ఆపింది. ఇవాళ ఎవరూ ఆపేలోపే ఉంగరపు వేలికి తొడిగేసుకుంది. కొలిచి చేసినట్టు సరిపోయింది. పొద్దుటి ఎండలో ఆ రాయి నిజంగానే అందంగా ఉంది, పాపం.

"ముచ్చటపడింది నేను. పరీక్షేదో నామీదే జరగనివ్వండి."

"పిచ్చా నీకు?" అన్నాడు మోహనకృష్ణ.

హైమావతి మాత్రం ఒక్క ఉదుటున లేచింది. పెట్టెకి ఆమడ దూరంలో కూర్చున్న మనిషి వచ్చి వీరదుర్గ చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుంది.

"తియ్యి తల్లీ, తియ్యి! నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను. నా మాట విను. తీసెయ్."

 ఇన్నాళ్ళలో ఆవిడ తనని తల్లీ అని పిలవడం ఇదే మొదలు. 

అప్పుడే ఫోన్ మోగింది. కొండమ్మ గొంతుకి స్పీకర్ అక్కర్లేదు. వరండా మొత్తానికీ వినపడుతుంది.

"బోటు మొగ దాటిందే! కొబ్బరికాయ తెల్లగా పగిలింది. నీకు చెప్పమన్నాడు మీ అన్న. నువ్వు పెట్టె తీసుకుని బస్సెక్కావు గనకే నేను అడ్డు లేచా. ఇచ్చేశావుగా?"

వీరదుర్గ వేలి వంక చూసుకుంది. ఆ రాయికి ఏ శక్తీ లేదని ఆమెకి తెలుసు. ఒక్క ముక్కలో అవునమ్మా అనేస్తే సరిపోతుంది. కానీ కొడుకుని సముద్రం మీదకి పంపి ఒడ్డున నిలబడి అడుగుతున్న మనిషితో అబద్ధమాడటానికి నోరు రాలేదు. నిజం చెబితే ఆవిడ ఈ రాత్రి నుంచి కన్ను మూయదు. అన్న తిరిగొచ్చేదాకా ఒక్క ముద్ద మింగదు.

"ఏంటే, మాట్టాడవేం? ఇచ్చావా లేదా? నామీద ఒట్టేసి చెప్పు."

"అమ్మా..."

హైమావతి ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"వదినగారూ, నేనండీ, హైమావతిని. ఉంగరం మా ఇంట్లోనే ఉంది. మీరు దిగులు పడకండి. మూడు రాత్రులు కాదు, మీ అబ్బాయి ఒడ్డుకి చేరేదాకా నా దగ్గరే ఉంటుంది. నా దిండు కిందే పెట్టుకుంటాను."

అవతల అలల మోతా, ఎవరో తాడు గురించి అరవడమూ దూరంగా వినపడ్డాయి. తర్వాత కొండమ్మ గొంతు వచ్చింది, ఎన్నడూ లేనంత చిన్నగా.

"మీకూ ఒక్కడే కొడుకు కదండీ వదినగారూ."

 హైమావతి ఉంటానండీ అని ఫోన్ కట్టేసింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత అరచెయ్యి చాపింది.

"ఇటివ్వు. మీ అమ్మకి మాటిచ్చాను."

"అమ్మా, నీకు మతిపోయిందా?" మోహనకృష్ణ ముందుకొచ్చాడు. "మనింట్లోనా? వద్దు."

"ఎందుకురా?"

"ఎందుకంటే ఏంటి? సీజను ఇది. రోజూ బంటుమిల్లి, నందివాడ చెరువులన్నీ బండిమీద తిరిగేది నేను. లారీలు ఎలా తోలుతున్నారో తెలియదా నీకు? ఇలాంటి టైంలో కావాలని తెచ్చి ఇంట్లో..."

సగంలో ఆగిపోయాడు. తన మాట తనకే వినపడినట్టుంది.

రోడ్డు మీద ఏదో ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. హైమావతి కొడుకు వైపు చూస్తూ ఉండిపోయింది. చాపిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

వీరదుర్గ లోపల ఏదో చల్లబడిపోయింది. అది కోపం కాదు. రాత్రి ఫోన్లో ఒక్క ముక్క నమ్మనన్న గొంతు ఇదేనా అని మాత్రం అనిపించింది. ఆపద ఎదుటివాళ్ళ ఇంట్లో ఉన్నంతసేపే అతను నమ్మనివాడన్నమాట. ఈ మనిషి కోసం అమ్మతో ఎన్ని రోజులు మాట్లాడకుండా ఉందో గుర్తొచ్చింది. ఏడవాలనిపించింది గానీ ఏడుపు రాలేదు.

ఆమె కుడిచెయ్యి చాపింది. హైమావతి వైపు కాదు, అతని వైపు.

"నువ్వు తియ్యి మోహన్. నువ్వు తీసి మీ అమ్మగారి చేతిలో పెట్టు. నేను వెళ్ళిపోతాను."

"దుర్గా, అందరి ముందూ ఇలా..."

"ఎవరున్నారిక్కడ? మనమే."

"ఒరేయ్, తియ్యరా," అంది హైమావతి.

మోహనకృష్ణ ఆ వేలి వంక చూశాడు. నుదుటి మీద చెమట పట్టింది. వచ్చే శ్రావణంలో నలుగురి ముందు పట్టుకుని ఉంగరం తొడగాల్సిన వేలు అది. రెండడుగుల దూరంలో ఉంది.

అతను ఒకడుగు వెనక్కి వేశాడు.